ట్రాక్టర్ వెనక లింకుల పిన్నులు, బోల్టులు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణా డెల్టాలో కాలవలకు నీళ్లు వదలగానే దమ్ములు మొదలవుతాయి. గుంటూరు పక్క నల్లరేగడిలో వేసవి దుక్కులు, పత్తికి, మిర్చికి పొలం తయారీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకచోట ఇసుక కలిసిన బురద, ఇంకోచోట ఎండిన గడ్డలు. రెండుచోట్లా బరువు మోసేది ట్రాక్టర్ వెనకున్న మూడు లింకులే. ఇంజన్ ఆయిలు గంటలు లెక్కపెట్టి మార్చే రైతులు కూడా ఈ పిన్నుల్ని విరిగేదాకా పట్టించుకోరు. విరిగాక పిన్నొక్కటే మారిస్తే సరిపోదు. బాల్ (లింకు చివర పిన్ను దూరే గుండ్రటి కీలు), బ్రాకెట్టు, ఒక్కోసారి యాక్సిల్ హౌసింగు దాకా దెబ్బ వెళుతుంది.

వెనక లింకుల్లో అరిగేవి ఏవి?

కింద రెండు లోయర్ లింకులు, పైన మధ్యలో టాప్ లింకు, లోయర్ లింకుల్ని పైకి లేపే లిఫ్ట్ రాడ్లు రెండు, పనిముట్టు పక్కలకు ఊగకుండా ఆపే చెక్ చైన్లు లేదా స్టెబిలైజర్ బార్లు. కీలు ఉన్న ప్రతిచోటా ఒక పిన్ను ఉంటుంది. పనిముట్టు వైపు లోయర్ లింకు పిన్నులు అన్నిటికంటే ముందు అరుగుతాయి. తర్వాత టాప్ లింకు పిన్నులు, చెక్ చైన్ పిన్నులు. లిఫ్ట్ రాడ్డు పిన్నులు, యాక్సిల్ కింద లోయర్ లింకు మొదట్లో ఉండే పిన్నులు నెమ్మదిగా అరుగుతాయి. యాక్సిల్ కిందుండే ఈ మొదటి పిన్నులే ప్రమాదకరం. చక్రాల మధ్య మట్టిలో కూరుకుపోయి ఉంటాయి కాబట్టి ఎవరూ చూడరు.

బోల్టుల సంగతి వేరు. టాప్ లింకు బ్రాకెట్టు, చెక్ చైన్ బ్రాకెట్టు, లోయర్ లింకు బ్రాకెట్టు హౌసింగుకు బోల్టులతో బిగించి ఉంటాయి. పిన్ను అరుగుతుంది, బోల్టు వదులవుతుంది. వదులైన బోల్టు ప్రతి కుదుపుకూ కొంచెం కొంచెం సాగి ఒకరోజు మెడ దగ్గర తెగుతుంది. పిన్నుకు కొలత చూడాలి, బోల్టుకు బిగువు చూడాలి.

మార్చాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

పనిముట్టును నేలమీదికి దించి, ఇంజన్ ఆపి, తాళం తీసేయండి. లోయర్ లింకు చివర గునపం ఆనించి పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ కదిలించండి. ఆట, అంటే వదులు కదలిక, కంటికి కనిపిస్తుంది. కానీ ఆట ఉన్నంత మాత్రాన పిన్ను చెడిపోయినట్టు కాదు. పనిముట్టు తగిలించడానికి వీలుగా కొత్తదాంట్లోనే కొంత ఖాళీ వదులుతారు. 22 మి.మీ. పిన్నుకు బాల్ రంధ్రం 22.4 నుంచి 22.65 మి.మీ. దాకా, 28 మి.మీ. పిన్నుకు 28.7 నుంచి 29 మి.మీ. దాకా ఉంటుంది. అంటే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఆట సహజం.

పిన్ను బయటికి తీసి వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. బాల్ కూర్చునే చోట ఒక కొలత, కాలరు (పిన్ను మీదుండే వెడల్పు అంచు) పక్కన అరగని చోట ఇంకో కొలత. తేడా 1 మి.మీ. దాటితే పిన్ను మార్చేయాలి. రంధ్రంతో కలిపి మొత్తం ఆట 2 మి.మీ. దాటితే పిన్ను, బాల్ రెండూ మార్చాలి. ఒకవైపే అరిగి మెట్టులా కనిపించినా, కొద్దిగా వంగినా, చుట్టూ సన్నటి గీత పడినా కొలత చూడక్కర్లేదు, తీసేయడమే.

పగులుందేమోనని అనుమానమైతే పిన్నును శుభ్రంగా తుడిచి కిరోసిన్‌లో పావుగంట నానబెట్టండి. మళ్లీ పొడిగా తుడిచి సుద్దపొడి రాయండి. పగులుంటే లోపలి కిరోసిన్ ఊరి తెల్లటి సుద్ద మీద తడి గీత పడుతుంది. లింకులకు, బ్రాకెట్లకు కూడా ఇదే పరీక్ష చేయొచ్చు.

ఒకటి రెండు మిల్లీమీటర్లు అరిగితే నిజంగా అంత నష్టమా?

28 మి.మీ. పిన్ను 25కు అరిగితే తెగకుండా తట్టుకునే శక్తి ఐదో వంతు పోతుంది. వంగకుండా తట్టుకునే శక్తి దాదాపు 29 శాతం తగ్గుతుంది, ఎందుకంటే అది వ్యాసం ఘనంతో పాటు మారుతుంది. పైగా ఆట పెరిగితే లాగుడు కాస్తా దెబ్బగా మారుతుంది. గట్టి గడ్డకు గొర్రు తగిలిన ప్రతిసారీ పిన్ను ఆ ఖాళీలో కదిలి రంధ్రం అంచును కొడుతుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది, దాంతో ఆట ఇంకా పెరుగుతుంది.

హైడ్రాలిక్స్ మీదా దీని ప్రభావం ఉంటుంది. టాప్ లింకు తోపుడును బట్టి డ్రాఫ్ట్ కంట్రోల్ (లాగుడు బరువును బట్టి పనిముట్టు లోతును సర్దే ఏర్పాటు) పనిచేసే ట్రాక్టర్లలో టాప్ లింకు పిన్నులు రెండూ అరిగితే, ఆ ఆట పూర్తయ్యేదాకా సంకేతం లోపలికి చేరదు. గొర్రు ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన పోతుంది, లిఫ్టు ఊరికే లేస్తూ దిగుతూ ఉంటుంది. చాలామంది దీన్ని పంపు తప్పో వాల్వు తప్పో అనుకుని లిఫ్టు కవరు విప్పిస్తారు. ముందు రెండు పిన్నులు మార్చి చూడండి.

మా ట్రాక్టర్‌కు ఏ సైజు పిన్నులు కావాలి?

ఐఎస్‌ఓ 730 ప్రమాణం లింకుల్ని కేటగిరీలుగా విడదీస్తుంది. మన దగ్గర కనిపించేవి ముఖ్యంగా రెండు.

కేటగిరీ 1: లోయర్ పిన్ను 22 మి.మీ., టాప్ పిన్ను 19 మి.మీ., లోయర్ బాల్ వెడల్పు 35 మి.మీ., పనిముట్టు మీద రెండు లోయర్ పిన్నుల మధ్య 683 మి.మీ.

కేటగిరీ 2: లోయర్ పిన్ను 28 మి.మీ., టాప్ పిన్ను 25.5 మి.మీ., లోయర్ బాల్ వెడల్పు 45 మి.మీ., పిన్నుల మధ్య 825 మి.మీ.

పీటీఓ (రోటావేటరు లాంటివాటిని తిప్పే వెనక షాఫ్టు) శక్తి 48 కిలోవాట్ల దాకా, అంటే సుమారు 65 హెచ్‌పీ దాకా కేటగిరీ 1. 30 నుంచి 92 కిలోవాట్ల దాకా కేటగిరీ 2. మధ్యలో 40 నుంచి 65 హెచ్‌పీ వరకు రెండూ వర్తిస్తాయి. మన ఊళ్లలో ఎక్కువ ట్రాక్టర్లు ఆ పరిధిలోనో దానికి దగ్గర్లోనో ఉంటాయి, అందుకే ఒకరి గొర్రు ఇంకొకరి ట్రాక్టర్‌కు తగిలించినప్పుడు తేడాలొస్తాయి. హెచ్‌పీ చూసి కాదు, కొలిచి కొనండి.

దుకాణానికి పాత పిన్ను పట్టుకెళ్లి ఇలాంటిదే ఇవ్వమంటే అరిగిన కొలతకు దగ్గరగా ఉన్నది చేతిలో పెట్టే అవకాశం ఉంది. నాలుగు కొలతలు రాసుకెళ్లండి: అరగని చోట వ్యాసం; కాలరు నుంచి లించ్ పిన్ను (పెద్ద పిన్ను ఊడకుండా దాని చివర పెట్టే రింగున్న చిన్న పిన్ను) రంధ్రం దాకా పొడవు; లించ్ పిన్ను రంధ్రం వ్యాసం; మరల వైపు వ్యాసం, మరల దూరం. కాలరు నుంచి రంధ్రం దాకా కేటగిరీ 1లో కనీసం 39, కేటగిరీ 2లో 49 మి.మీ. ఉండాలి. అంతకంటే తక్కువైతే బాల్ వేశాక లించ్ పిన్ను దూరదు. మరీ ఎక్కువైతే లింకు పిన్ను మీద పక్కలకు జారుతూ లించ్ పిన్నునే కొడుతుంది.

సన్న పిన్నున్న గొర్రును పెద్ద బాల్‌కు తగిలించొచ్చా?

బుష్ వేసుకుంటే చేయొచ్చు. 22 పిన్నును 28 బాల్‌లో పెట్టాలంటే 3 మి.మీ. గోడ మందమున్న స్టీలు బుష్ కావాలి. బుష్ లేకుండా నడిపితే 6 మి.మీ.కి పైగా ఆట, ఒక్క సీజన్లో రెండూ పాడవుతాయి. బుష్ వేసినా పిన్ను బలం 22దే. పెద్ద రోటావేటరును అలా వేలాడదీయకండి.

పిన్ను బదులు పెద్ద బోల్టు వేసి నట్టు బిగిస్తే సరిపోదా?

సరిపోదు. సీజన్లో చేసే తప్పుల్లో ఇది మొదటిది. బోల్టు ఉన్నది రెండు ముక్కల్ని గట్టిగా నొక్కి పట్టుకోవడానికి. కీలులో అడ్డంగా కోత బరువు మోయడం దాని పని కాదు. 22 మి.మీ. బోల్టు మరల అడుగు దగ్గర 19 మి.మీ.కి లోపే ఉంటుంది. కోత పడేచోట మరలుంటే పోయిన ఆ 3 మి.మీ.తో పాటు ప్రతి మరా ఒక పగులుకు మొదలవుతుంది. మరలు రంపంలా బాల్ రంధ్రాన్ని కూడా కోస్తాయి. నట్టు బిగిస్తే బాల్ తిరగదు, వదిలేస్తే నట్టు ఊడుతుంది.

పొలం మధ్యలో పిన్ను విరిగి వేరే దారి లేకపోతే, మరలు లేని నున్నటి భాగం పొడవుగా ఉన్న 8.8 గ్రేడు బోల్టు పెట్టి, పనిముట్టును కొంచెమే లేపి, ట్రాక్టర్ ఇంటికి చేర్చుకోవడం వరకే. దాంతో దున్నకండి.

లేత్ షాపులో పిన్ను చేయించుకోవచ్చా?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గానీ గుంటూరు ఆటోనగర్‌లో గానీ చేయించుకోవచ్చు, చెప్పి చేయించుకుంటే. మామూలు మైల్డ్ స్టీలు కడ్డీ అందంగా తిరుగుతుంది, మెరుస్తుంది, పెద్ద రోటావేటరు కింద రోజుల్లో వంగుతుంది. స్టీలు రకాల్లో ఈఎన్ 8 కనీసం, వీలైతే ఇంకా బలమైన ఈఎన్ 19 కడ్డీ అడగండి. పైపొరకు ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో పైపొరనే వేడిచేసి గట్టిపరచడం) చేయిస్తే అరుగుదల బాగా తగ్గుతుంది, లోపలి భాగం దెబ్బను తట్టుకునేంత మెత్తగా ఉంటుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచడం మాత్రం వద్దు. పిన్నంతా గాజులా పెళుసై, వంగే బదులు ఒక్కసారే విరుగుతుంది.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. కాలరు దగ్గర, మెట్టు దగ్గర మూల పదునుగా తీయొద్దనండి, 2 మి.మీ. గుండ్రం ఉంచమనండి. విరిగి వచ్చే చాలా పిన్నులు సరిగ్గా ఆ పదును మూల దగ్గరే విరుగుతాయి. అరిగిన పిన్ను మీద వెల్డింగ్ నింపి తిప్పించడం కూడా లాభం లేని పని. వెల్డింగ్ పక్కన లోహం గుణం మారిపోతుంది, మళ్లీ అక్కడే తెగుతుంది.

బోల్టుల మీద 8.8, 10.9 అంకెలకు అర్థం ఏంటి? ఎంత బిగించాలి?

మొదటి అంకె తెగే బలం, రెండోది సాగడం మొదలయ్యే నిష్పత్తి. 8.8 అంటే 800 మెగాపాస్కల్ దగ్గర తెగుతుంది, అందులో 80 శాతం అంటే 640 దగ్గర సాగుతుంది. 10.9 అయితే 1000, 900. తల మీద ఏ అంకే లేని బోల్టును లింకు బ్రాకెట్ల దగ్గరికి రానివ్వకండి. నట్టు కూడా జోడు కావాలి: 8.8కి 8 నట్టు, 10.9కి 10 నట్టు. కంపెనీ 8.8 వేసినచోట 10.9 వేసి ఇంకా గట్టిగా లాగాలనుకోవద్దు. హౌసింగు కాస్ట్ ఐరన్, మరలు హౌసింగువే ఊడొస్తాయి.

మాన్యువల్లో ఇచ్చిన టార్క్ ఉంటే అదే ఖాయం. లేకపోతే 8.8 బోల్టుకు, మరలకు పల్చగా నూనె రాసి, సుమారుగా ఎం 12కు (12 మి.మీ. బోల్టుకు) 80, ఎం 14కు 130, ఎం 16కు 200, ఎం 20కి 390 న్యూటన్ మీటర్లు. 200 అంటే అర మీటరు పానా చివర 40 కిలోల బలంతో లాగినట్టు. టార్క్ రెంచ్ లేనివారు పానాకు పైపు తొడిగి మీద నిలబడుతుంటారు. ఆ పద్ధతిలో బోల్టు అక్కడికక్కడే సాగిపోతుంది, బిగిసినట్టు కనిపిస్తుంది, నాలుగు రోజులకు తెగుతుంది.

బిగించాక 8, 10 గంటల పని చేసి మళ్లీ ఒకసారి బిగువు చూడాలి. రంగు, తుప్పు, మట్టి నలిగి కూర్చోవడం వల్ల మొదటి రోజు ప్రతి బోల్టూ కొంత వదులవుతుంది. ఈ రెండో బిగింపు మానేస్తే మొదటి బిగింపు వృథా. నైలాన్ నట్లు, నలిగిన స్ప్రింగ్ వాషర్లు రెండోసారి వాడొద్దు.

బోల్టు నాలుగు చుట్లు తిరిగి పట్టేస్తోంది. ఎందుకు?

అంగుళాల మర, మిల్లీమీటర్ల మర కలిసిపోయి ఉంటుంది. పాత నమూనా ట్రాక్టర్లలో చాలావాటికి అంగుళాల మరలు ఉంటాయి. ఐదు బై ఎనిమిది అంగుళాల బోల్టు 15.9 మి.మీ., ఎం 16 బోల్టు 16 మి.మీ. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. కానీ ఎం 16 మరల దూరం 2 మి.మీ., ఐదు బై ఎనిమిది ముతక మరది 2.3 మి.మీ. ఒకదాంట్లో ఒకటి కొన్ని చుట్లు దూరి అక్కడ కొరుక్కుంటుంది. పానాతో బలవంతం చేస్తే హౌసింగు మరలు పోతాయి. వెనక్కి తీసి పిచ్ గేజ్‌తో (మరల దూరం కొలిచే పళ్ల రేకుతో) చూడండి. గేజ్ లేకపోతే పాత బోల్టును, కొత్త బోల్టును మర మీద మర ఆనించి వెలుతురుకు పట్టండి. మధ్యలో సందు కనిపిస్తే అవి ఒకటి కాదు.

పని మొదలుపెట్టే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

చదునైన గట్టి నేల, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టడానికి గూటాలు, మందపాటి కొయ్య దుంగలు నాలుగు, జాకీ, రెండు కిలోల సుత్తి, ఇత్తడి లేదా రాగి కడ్డీ, సాకెట్ సెట్టు, వైరు బ్రష్షు, తుప్పు వదిలించే స్ప్రే, వెర్నియర్ కాలిపర్, గ్రీజు గన్. కళ్లద్దాలు తప్పనిసరి. గట్టిపడ్డ పిన్నును సుత్తితో కొడితే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.

పనిముట్టును పూర్తిగా నేలకు దించండి. ఇంజన్ ఆపాక కూడా లిఫ్టు లీవరును ఒకసారి కిందికి నొక్కి, మిగిలిన బరువు దిగిందని చూసుకోండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, తాళం జేబులో వేసుకోండి. లేపి ఉన్న రోటావేటరు కిందికి దూరి ఏ పిన్నూ తీయకండి. నాలుగైదు వందల కిలోల బరువును ఆ క్షణంలో మోస్తున్నది ఒక రబ్బరు సీలు. జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు, బరువు దుంగల మీద కూర్చోవాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

లోయర్ లింకు మొదటి పిన్ను మార్చే క్రమం ఏంటి?

పనిముట్టు విప్పేసి ట్రాక్టర్ ముందుకు తీయండి. ఒకసారికి ఒక్క వైపే విప్పాలి, రెండో వైపు చూసి సరిపోల్చుకోవడానికి ఉంటుంది. ముందు చెక్ చైన్ విప్పండి. లిఫ్ట్ రాడ్డు మరలు ఎన్ని బయటికి ఉన్నాయో కొలిచి రాసుకుని, దాని కింది పిన్ను తీయండి. లోయర్ లింకు బరువు చేతిమీద పడకుండా కింద దుంగ పెట్టండి.

మట్టి, పాత గ్రీజు వైరు బ్రష్షుతో పూర్తిగా తీసేయండి. కొన్ని మోడళ్లలో పిన్నును పట్టి ఉంచేది స్ప్లిట్ పిన్ను, కొన్నింట్లో లాక్ ప్లేటు, కొన్నింట్లో వెనక నట్టు. చూడకుండా కొడితే ఆ తాళం పగిలి హౌసింగు రంధ్రం గీరుకుపోతుంది. తాళం తీశాక ఇత్తడి కడ్డీ ఆనించి పిన్నును బయటికి కొట్టండి.

బ్రాకెట్టు రంధ్రాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. రెండు కొలతలకూ తేడా 1 మి.మీ. లోపుంటే కొత్త పిన్ను వేసుకోవచ్చు. రంధ్రం అంచుల్లో లేచిన చర్మాన్ని ఆకురాయితో తీసి, లోపల తుడిచి, పల్చగా గ్రీజు పూసి పిన్ను పెట్టండి. కొత్త పిన్ను చేతి ఒత్తిడికో, సుత్తి తేలిక తట్టుకో వెళ్లాలి. బలంగా కొట్టాల్సి వస్తోందంటే ఏదో తప్పుంది, ఆగండి. పాత వాషర్లు ఏ వైపు ఎన్ని ఉన్నాయో అన్నీ వేయాలి. అవి పోతే లింకు పక్కకు ఊగి టైరుకు రాసుకుంటుంది. చివర్లో కొత్త స్ప్లిట్ పిన్ను వేసి రెండు కాళ్లూ మడవండి. లిఫ్ట్ రాడ్డు మునుపటి పొడవుకు పెట్టండి. ఖాళీ లింకుల్ని ఇంజన్ నడుపుతూ నాలుగైదుసార్లు లేపి దించి, ఎక్కడా తగలడం లేదని చూశాకే పనిముట్టు తగిలించండి.

పిన్ను తుప్పుపట్టి అసలు కదలడం లేదు.

ముందురోజు రాత్రే తుప్పు స్ప్రే కొట్టి వదిలేయండి. తెల్లారి కొట్టేటప్పుడు నిటారుగా కొట్టే ముందు బ్రాకెట్టు పక్కల చుట్టూ తేలికగా తట్టండి, తుప్పు పట్టు వదులుతుంది. తిప్పడానికి వీలున్న పిన్నయితే పైపు రెంచితో అటూ ఇటూ తిప్పడం, కొట్టడం కంటే మేలు.

గ్యాసుతో వేడిచేయడం చివరి మార్గం. కాల్చాల్సింది పిన్నును కాదు, దాని చుట్టూ ఉన్న స్టీలు బ్రాకెట్టును. బ్రాకెట్టు విప్పి కింద పెట్టుకుని కాల్చండి. యాక్సిల్ హౌసింగుకు ఉండగానే కాలిస్తే కాస్ట్ ఐరన్ పగలొచ్చు, లోపలి ఆయిల్ సీలు కరగొచ్చు. స్ప్రే, కిరోసిన్ తడి ఉన్నచోట మంట పెట్టకండి.

బోల్టు హౌసింగులో విరిగిపోయింది. ఇప్పుడు?

ముక్క బయటికి కొంచెమైనా కనిపిస్తే, దానిమీద ఒక నట్టు పెట్టి నట్టు లోపలినుంచి వెల్డింగ్ చేయించండి. వెల్డింగ్ వేడికి తుప్పు కూడా వదులుతుంది, చల్లారాక పానాతో తిప్పితే ఎక్కువసార్లు వచ్చేస్తుంది. లోపలికి విరిగితే సరిగ్గా మధ్యలో సెంటర్ పంచి, చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి, ఎక్స్‌ట్రాక్టరుతో తీయాలి. ఎక్స్‌ట్రాక్టరు లోపల విరిగితే దాన్ని మామూలు డ్రిల్లు కోయలేదు, కాబట్టి బలవంతం వద్దు. మరలు పోతే తీగ ఇన్సర్టు (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) వేయించి అదే సైజు బోల్టు వాడుకోవచ్చు.

వెల్డింగ్ ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే ముక్క పక్కనే పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల మీదుగా పోతుంది.

రంధ్రమే సాగిపోయింది. కొత్త పిన్ను వేసినా ఆడుతోంది.

కొత్త పిన్ను ఆ రంధ్రంలో రెండు గీతల మీదే కూర్చుంటుంది, త్వరగా అరుగుతుంది. బ్రాకెట్టు విడిగా దొరికేదైతే కొత్తది వేయడమే చవక. దొరకకపోతే రంధ్రాన్ని పెద్దగా బోరు చేయించి, స్టీలు బుష్ గట్టిగా దించి, లోపల సరైన కొలతకు రీమరు (రంధ్రాన్ని నున్నగా, కొలతకు తీసే పనిముట్టు) కొట్టించాలి. చుట్టూ లోహం తగినంత మిగిలితేనే ఇది చేయాలి. సాగిన వైపు మాత్రమే వెల్డింగ్ నింపి గ్రైండరుతో గుండ్రంగా చేస్తే కంటికి బాగుంటుంది, కేంద్రం తప్పుతుంది. రెండు లింకుల ఎత్తు తేడా వచ్చి గొర్రు ఒకవైపు లోతుగా పోతుంది.

టాప్ లింకు బ్రాకెట్టుకు రెండు మూడు రంధ్రాలుంటే, ఒకటి సాగిందని ఇంకోదాంట్లోకి మారడం పరిష్కారం కాదు. ఆ రంధ్రాలు డ్రాఫ్ట్ కంట్రోల్ ఎంత చురుగ్గా ఉండాలో నిర్ణయిస్తాయి. ఏ పనిముట్టుకు ఏ రంధ్రమో మాన్యువల్లో ఉంటుంది, అదే వాడాలి.

టాప్ లింకు, లెవలింగ్ బాక్స్ దగ్గర ఏం చూడాలి?

టాప్ లింకు ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర. కొత్త కన్ను (పిన్ను దూరే చివరి ముక్క) కొనేటప్పుడు ఏ వైపుదో చెప్పాలి. ఎంత పొడవు చేసినా రెండు వైపులా మరల వ్యాసానికి ఒకటిన్నర రెట్లు లోపల ఉండాల్సిందే. లాక్ నట్టు బిగించకుండా రోటావేటరు నడిపితే అదురుకు టాప్ లింకు తనంతట తనే తిరిగి పొడవు మారుతుంది. కుడివైపు లెవలింగ్ బాక్స్‌కు (లిఫ్ట్ రాడ్డు పొడవు మార్చే పెట్టెకు) గ్రీజు నిపుల్ ఉంటుంది, చాలాచోట్ల దాని మీద రంగూ మట్టీ మూసుకుపోయి ఉంటుంది. తుడిచి, కొత్త గ్రీజు అంచుల్లో కనిపించేదాకా కొట్టండి.

చెక్ చైన్లు ఎంత బిగించాలి?

గొర్రు, నాగలి లాంటి వాటికి లోయర్ లింకు చివర ఒక్కో పక్కకు 25 నుంచి 50 మి.మీ. ఊగేలా. రోటావేటరుకు ఊగుడు దాదాపు లేకుండా. బిగించాక లిఫ్టును మెల్లగా పూర్తి ఎత్తుకు లేపి చూడండి. కొన్ని అమరికల్లో లేపేకొద్దీ చైను బిగిసి, దాని పిన్నో బ్రాకెట్టు బోల్టులో తెగుతాయి. పదేపదే చెక్ చైన్ బోల్టు తెగుతోందంటే ఎక్కువసార్లు కారణం ఇదే, పెద్ద బోల్టు వేయడం మందు కాదు.

లించ్ పిన్ను పోతే మేకు పెట్టొచ్చా?

పెట్టకండి. మేకు, కట్టు తీగ, స్క్రూడ్రైవరు ఏవైనా అంతే. లించ్ పిన్ను మందం సుమారు 11 మి.మీ., దాని రింగు స్ప్రింగు బలంగా మూసుకోవాలి. రింగు వేలితో తేలిగ్గా తిరిగితే అది పనికిరాదు. పత్తి మోళ్లు, గడ్డి రింగును లేపేస్తాయి, కాబట్టి రింగు పనిముట్టు వెనక్కి మడిచేలా పెట్టండి. చిన్న గొలుసుతో కట్టుకుంటే పోదు. డబ్బాలో నాలుగు అదనంగా ఉంచుకుంటే సీజన్లో ఒక పూట పని ఆగిపోకుండా ఉంటుంది.

పిన్నులకు గ్రీజు పెట్టాలా వద్దా?

పనిని బట్టి. పొడి దుక్కిలో బయటికి కనిపించే బాల్స్‌కు దట్టంగా గ్రీజు పూస్తే దుమ్ము అంటుకుని లోహాన్ని అరగదీస్తుంది. తుడిచి పల్చగా నూనె రాస్తే చాలు. దమ్ములో మాత్రం నీరు, సన్న ఇసుక లోపలికి పోకుండా గ్రీజు అడ్డుకుంటుంది. రోజూ సాయంత్రం కడిగి, ఆరాక కొత్త గ్రీజు పెట్టాలి. నిపుల్ ఉన్న పిన్నులకు దమ్ము రోజుల్లో రోజుకోసారి, పొడి పనిలో వారానికోసారి. సీజన్ అయ్యాక పిన్నులన్నీ బయటికి తీసి తుడిచి, గ్రీజు పూసి మళ్లీ పెడితే వచ్చే జూన్‌లో సుత్తి పని ఉండదు.

పనిముట్టుతో రోడ్డు మీద వెళ్లేటప్పుడు, బండి లాగేటప్పుడు జాగ్రత్తలేంటి?

ఊరి నుంచి ఊరికి రోటావేటరు లేపుకుని గుంతల రోడ్డు మీద వేగంగా పోవడం, పొలంలో పని కంటే పిన్నుల్ని ఎక్కువ తినేస్తుంది. చెక్ చైన్లు బిగించి, పీటీఓ ఆపి, నెమ్మదిగా వెళ్లండి. ట్రక్కును (ట్రైలరును) హిచ్‌కే, అంటే బండి తగిలించే కొక్కేనికే తగిలించాలి. బురదలో దిగబడ్డ బండిని లాగడానికి టాప్ లింకు బ్రాకెట్టుకు గొలుసు కట్టడం ఎప్పటికీ చేయకూడని పని. అంత ఎత్తునుంచి లాగితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది, డ్రైవరుకు దిగే సమయం కూడా ఉండదు. ఎంత మంచి పిన్ను వేసినా దాన్ని ఆపలేదు.

ఒక పిన్ను విరిగితే ఒక్కటే మార్చాలా, జతగానా?

లోయర్ లింకు పిన్నులు జతగానే మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది ఉంటే పనిముట్టు వంకరగా నడిచి కొత్తదాని మీద బరువు ఎక్కువ పడుతుంది. టాప్ లింకుకు రెండు చివరలా ఒకేసారి. బోల్టుల విషయంలో నాలుగు బోల్టుల బ్రాకెట్టులో ఒకటి తెగితే మిగతా మూడూ అప్పటికే సాగి ఉంటాయి, నాలుగూ మార్చేయండి. మూడు పాతవి దాచుకుని ఇంకెక్కడో వాడొద్దు, పాత ఇనుములో పడేయండి.